బొల్లారంల పుట్టిన ఆండర్సన్, ఆయన పాత లీవర్ తుపాకి

ఏటగాండ్ల ముంగట తుపాకి ముచ్చట తీస్తె అది ఒడువని ముచ్చట. అండ్ల గూడ కొత్త తుపాకుల గురించి తక్కువ మాట్లాడ్తరు, పాతయాటి మీదనే పానం. నేను నల్లమల అంచున, అచ్చంపేట దిక్కు పెరిగినోణ్ణి. మా దిక్కు కొన్ని ఇండ్లల్ల లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకులు ఉంటుండె. ఎన్నికలొస్తె ఠాణాల అప్పజెప్పుడు, అయినంక మళ్ల తెచ్చుకునుడు, నూనె వెట్టి తుడ్సుడు. వాటితోని ఏటకు పోయే రోజులు ఎప్పుడో పోయినయి గని ఆ తుడ్సుడు మాత్రం ఆగలె. ఒక ఇనుప గొట్టం మీద మనిషికి గింత పాయిరం ఎందుకు అని ఆలోచన చేస్తె, నాకు యాదికొచ్చే మనిషి కెన్నెత్ ఆండర్సన్.

ఏట అంటె మనోళ్లకు జిమ్ కార్బెట్ పేరు ఎర్కే. ఆండర్సన్ పేరు అడిగితె మస్తుమంది మొకం సూస్తరు. కన్నడపోళ్ల కాడ గట్ల కాదు. వాళ్ల పెద్ద రచయిత పూర్ణచంద్ర తేజస్వి ఆయన కథలను కన్నడల రాసి ఇంటింటికి తీస్కపోయిండు. నాకు మనసుల గుంజేది ఏందంటె, ఆండర్సన్ పుట్టింది బెంగళూరుల కాదు, మన బొల్లారంల. సికింద్రాబాద్ పక్కపొంటి దండు ఉన్న బొల్లారం. 1910 మార్చి 8 తారీకు.

వాళ్లది స్కాట్లాండ్ కెల్లి వచ్చిన కుటుంబం. అప్పటికే ఆరు తరాల సంది ఈ దేశంల బతుకుతున్నోళ్లు. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ ఫౌజు జీతాల లెక్కలు సూసే దఫ్తర్ల అధికారి. కొడుకుకు అడివి అలవాటు చేసింది ఆయనే. పిలగాడు బెంగళూరుల బిషప్ కాటన్ బడిల, అటెన్క సెయింట్ జోసెఫ్ కాలేజీల సదివిండు. వకీలు కమ్మని ఎడిన్‌బరోకు తోలితె ఆ సదువు ఇడిసిపెట్టి మళ్ల ఇటే వచ్చిండు. పోస్టు, టెలిగ్రాఫు శాఖల పదిహేనేండ్ల దాంక కొలువు చేసిండు. అటెన్క బెంగళూరు విమానాల ఫ్యాక్టరీల, ఇప్పుడు మనం హెచ్ఏఎల్ అంటమే అండ్ల, ప్లానింగ్ చూసే మేనేజరుగ పనిచేసిండు.

ఈ కొలువు సంగతి ఎందుకు చెప్తున్ననంటె, ఏటగాడు అంటె మనకు కండ్ల ముంగట రాజులు, నవాబులు మెదుల్తరు. మా పాత జిల్లా పేరే సూడుండ్రి. పాలమూరు పోయి 1890ల మహబూబ్‌నగర్ అయింది, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద. ఆయన పులుల ఏటకు పెట్టింది పేరు. ఏట అయినంక సచ్చిన పులుల ముంగట నిలవడి దిగిన ఫోటోలు రాజా దీన్‌దయాళ్ తీసినయి ఇప్పటికీ కనవడ్తయి. అసొంటి దొరల ఏటకు డేరాలు, ఏనుగులు, వంటోళ్లు. డప్పులు గొట్టి మెకాన్ని లేపి తుపాకి దిక్కు తోలేటోళ్లు. ఆ తోలే పని ఎవల మీద పడ్తదో మన ఊర్లకు నేను చెప్పే పని లేదు, వెట్టి అంటె ఏందో నల్లగొండకు తెల్సినంత ఇంకెవలకు తెల్సు?

ఆండర్సన్ ఆ బాపతు కాదు. తెల్లోడే, ఆ రంగుకు దొరికే ఇజ్జత్ ఆయనకు దొరికింది, ఆ మాట దాసిపెట్టద్దు. గని నెల జీతం మీద బతికిన మనిషి. సెలవు పెట్టుకొని, కారేసుకొని పోయి, చెట్టు మీద మంచె కట్టుకొని రాత్రంత కూసునేటోడు. సెలవు ఒడిస్తె పులి దొరకకున్నా వాపస్ రావాలె. అసొంటి మనిషికి ఇరవై తుపాకులు ఉండవు. ఒక్క తుపాకినే నమ్ముకోవాలె. ఆయన నమ్ముకున్నది అమెరికా వించెస్టర్ కంపెనీ చేసిన 1895 మోడల్, .405 బోరు లీవర్ రైఫిల్.

లీవర్ రైఫిల్ అంటె సిన్మాలల్ల కౌబాయిల చేతుల సూసే ఉంటరు. ట్రిగ్గర్ కింద చెయ్యి దూరేటంత ఇనుప కడియం ఉంటది. పేల్చినంక దాన్ని కిందికి గుంజితె ఖాళీ తూటా పైకెల్లి ఎగిరి పడ్తది, మీదికి నూకితె కొత్త తూటా గొట్టంల కూసుంటది, గుర్రం దానంతటదే లేసి నిలవడ్తది. కిందికి, మీదికి, గంతే.

అమెరికాల దుప్పుల ఏటకు ఇదే రకం తుపాకి. 1894 మోడల్ అని ఇంకోటుంది, దాన్ని వించెస్టర్ డెబ్బై లక్షలకు పైగ అమ్మింది. చెట్ల సందుల దుప్పి కనవడేది నూరు గజాల లోపలనే, అదీ ఒక్క గడియ. భుజానికి ఎత్తంగనె గురి కుదరాలె, తేలిగ్గుండాలె, పట్టుకొని రోజంత నడిసినా చెయ్యి గుంజద్దు. ఇవన్నీ దానికి ఉండె. అందుకే అక్కడ తాత తుపాకి తండ్రికి, తండ్రిది కొడుకుకు పోతది. దానికన్న దూరం కొట్టేటియి, సక్కగ కొట్టేటియి ఎన్నో వచ్చినంక గూడ ముసలి ఏటగాండ్లు అదే పట్టుకొని పోతరు. కొత్త తుపాకి దుప్పిని కొడ్తది, ఇది తోడు వస్తది అన్నట్టు ఉంటది వాళ్ల వరస.

1894 మోడల్‌ల తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంల ఒకదానెన్క ఒకటి వరసగ ఉంటయి. మొన సూదిగ ఉన్న తూటా పెడ్తె ముంగటి తూటా ఎనక ఉన్న మందు టోపికి తగిలి పేలుతదని, మొన సప్పగ ఉన్నయే పెట్టాలె. తుపాకులు గీసుడుల ఆ కాలంల మించినోడు లేడనిపించుకున్న జాన్ బ్రౌనింగ్ 1895 మోడల్‌ల ఈ తిప్పలు తీసేసిండు. తూటాలు ట్రిగ్గర్ ముంగట డబ్బాల ఒకదాని మీద ఒకటి పేర్సినట్టు పెట్టిండు. దాంతోని పెద్ద మందు, పెద్ద గుండు పట్టే దారి అయింది. 1904ల వచ్చిన .405 తూటాల గుండు 300 గ్రెయిన్లు, మన లెక్కల పంతొమ్మిది గ్రాముల పైమాటే. 1909ల అమెరికా మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆఫ్రికాకు సింహాల ఏటకు పోయినప్పుడు ఈ తుపాకినే ఎంబడి తీస్కపోయిండు. మొదటి ప్రపంచ యుద్ధంల రష్యా ఈ మోడల్‌నే దగ్గరదగ్గర మూడు లక్షలు కొన్నది, బోరు వేరే. ఏటగాండ్ల చేతులకు వచ్చినయి దానికన్న మస్తు తక్కువ.

తప్పులు లేవా అంటె ఉన్నయి. ఎనక కట్టె వంపు ఎట్లుంటదంటె, పేలినప్పుడు భుజానికి గుద్దుడు మామూలుగుండది. లీవర్ గుంజుతె ఇనుము సప్పుడైతది. నేల మీద బొక్కబోర్ల పండి కొట్టాల్నంటె లీవర్ కిందికి రానియ్యదు. మనదేశంల పెద్ద ఏటగాండ్లు రెండు గొట్టాల రైఫిళ్లు, లేకుంటె బోల్టు రైఫిళ్లు వాడేటోళ్లు. కార్బెట్ కాడ రిగ్బీ కంపెనీ బోల్టు రైఫిల్ ఉండె, చంపావత్ పులిని కొట్టినందుకు 1907ల ఇనాముగ వచ్చింది. 1940 వచ్చేటాళ్లకు వించెస్టర్ తన 1895 మోడల్ చేసుడే బందు పెట్టింది. అయినా ఆండర్సన్ దాన్ని ఇడ్వలె. ఆయన కథలల్ల ఆ .405 ఒక సోపతిగాని లెక్క వస్తనే ఉంటది.

నా సోంచాయింపు ఏందంటె, ఆ తుపాకి ఆయన ఏటను గూడ ఒక తీరుగ దిద్దింది. దూరంకెల్లి కొట్టే మనిషి కాదాయన. చీకట్ల మంచె మీద కూసొని, తుపాకికి టార్చిలైటు బిగించుకొని, పులి తినేటి దగ్గరికి వచ్చేదాంక ఊపిరి బిగవట్టి, అప్పుడు బత్తి ఏసి కొట్టాలె. లేకుంటె దెబ్బ తగిలిన పులి ఎంబడి పొద్దుగాల్నే నెత్తుటి సుక్కలు సూసుకుంట పొదలల్లకు నడిసి పోవాలె. అసొంటి జాగల మీదికి ఉరికొచ్చే పులికి మనిషికి నడుమ ఉండేది రెండు మూడు క్షణాలే. అప్పుడు సోంచాయించే టైముండదు, చెయ్యి దానంతటది లీవర్ గుంజాలె. ఇరవై ఏండ్లు ఒక్క తుపాకినే పట్టుకున్న చెయ్యి అయితెనే గుంజుతది. అందుకే పాత తుపాకి మీద పాయిరం అంటె నాకు నవ్వులాట అనిపియ్యదు. పానం దాని మీద పెట్టినోనికి అది ఒట్టి ఇనుము ఎట్లయితది?

సర్కారు రికార్డులల్ల 1939 కెల్లి 1966 దాంక ఆయన కొట్టిన మనుషులను తినే మెకాలు ఎనిమిది సిర్తపులులు, ఏడు పెద్దపులులు. గుమ్మళాపురం సిర్తపులి ఒక్కటే 42 మందిని పొట్టన పెట్టుకున్నదని ఆయన రాసిండు. లెక్కలల్లకు రానియి ఇంకా ఉన్నయనేటోళ్లున్నరు, కథలల్ల జర ఉప్పుకారం ఎక్కువైందనేటోళ్లు గూడ ఉన్నరు. దయ్యాలు, మంత్రాలు నమ్మి వాటిని గూడ రాసిన మనిషి కాబట్టి ఆ అనుమానం రావుడుల తప్పు లేదు. నేను మాత్రం ఆయన పులుల లెక్క కన్న ఊర్ల లెక్కనే ఎక్కువ సూస్త. పులి భయానికి పొద్దుగూకంగనె తలుపులు బిగించుకున్న గుడిసెలు, బర్లను అడివికి తోలక తప్పని పిలగాండ్లు, కట్టెలకు పోయి తిరిగిరాని ఆడోళ్లు. ఇసొంటి బతుకులను అంత దగ్గరికెల్లి సూసి రాసిన ఏటగాండ్లు తక్కువ.

మన తెలుగు నేల మీద గూడ ఆయన మస్తు తిరిగిండు. అప్పటి చిత్తూరు జిల్లాల చామల లోయ, తిరుపతి పక్కన మామండూరు ఆయన కథలల్ల గట్టిగనే ఉంటయి. ఇంక మాకు దగ్గరిది నల్లమల. రైలు పట్టాల పొంటి ఉన్న దిగువమెట్ట, శ్రీశైలం పోయే పాత నడక తొవ్వల ఉన్న పెద్దచెర్వు, ఈ రెండు తావుల పులుల కథలు ఆయన రాసిండు. అవి కృష్ణకు అవతలి గడ్డ. ఇవతలి గడ్డ మాది, అమ్రాబాద్, మన్ననూరు, ఇంకింత తూర్పుకు పోతె దేవరకొండ దిక్కు. నది నడుమల పారుతది గని అడివి ఒక్కటే, పులులు ఒక్కటే, చెంచులు ఒక్కటే.

ఇగ్గో, చెంచుల కాడికి వచ్చినంక నేను ఆగాలె. పెద్దచెర్వు అయినా, తమిళ కన్నడ సరిహద్దు అడివి అయినా, ఆండర్సన్ ఏట మొత్తం అక్కడి అడివి మనుషుల కండ్ల మీదనే నడిసింది. పాదం గుర్తు సూసి అది ఆడదా మొగదా, రాత్రి పోయిందా తెల్లారంగ పోయిందా చెప్పేటోళ్లు వాళ్లు. బైర అనే పూజారి తెగ మనిషి ఆయనకు అడివి సదువు చెప్పిన గురువు లెక్క. ఆ మాట ఆండర్సన్ దాసిపెట్టలె, బైర పేరు మీద ఒక కథనే రాసిండు. ఆ కాలపు సాహెబులల్ల ఇది చిన్న సంగతి కాదు. అయినా లోకం యాదిల ఏం మిగిలింది? .405 వించెస్టర్ మిగిలింది. ఆండర్సన్ పుస్తకాలు సదివి ఆ తుపాకి గురించి వెతుక్కునేటోళ్లు దేశదేశాల ఉన్నరు. పాదం సూపించినోని ఊరు ఏదని అడిగేటోడు ఉన్నడా? పులి వస్తె సచ్చేది చెంచోడు, దాని జాడ చెప్పేది చెంచోడు, తుపాకి లైసెన్సు మాత్రం ఇంకొకనికి. అమ్రాబాద్ చెంచుల బతుకు 1943ల పుస్తకంగ అచ్చేసిన హైమెండార్ఫ్ సూసేనాటికి గూడ వాళ్ల చేతులల్ల ఉన్నయి విల్లంబులే.

ఈ మాట ఆండర్సన్‌ను తిట్టేటందుకు కాదు. ఆయనే ఆఖరు దినాలల్ల మారిండు. తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టిండు. పులులు కండ్ల ముంగటనే తక్కువైతున్నయని, దొంగ ఏట, మందు పెట్టి సంపుడు పెరిగినయని పుస్తకాలల్ల మొత్తుకున్నడు. మనుషులను తిననిదాన్ని ఊకనే కొట్టుడు ఆయనకు నచ్చని పని అయింది. వయసుల ఉన్నప్పుడు అందరి లెక్కనే సరదాకు ఏటాడిన మనిషే, అది గూడ ఆయన దాసలె. కొడుకు డొనాల్డ్‌కు ఏట మీద పిచ్చి తండ్రి కన్న ఎక్కువ.

1972ల వన్యప్రాణి చట్టం వచ్చి ఏటకు తాళం పడ్డది. 1973 ఏప్రిల్ల పులుల ప్రాజెక్టు మొదలైంది. 1974 ఆగస్టు 30న ఆండర్సన్ బెంగళూరుల క్యాన్సర్ తోని కాలం చేసిండు. అరవై నాలుగేండ్లు. ఆఖరి పుస్తకం ఆయన పోయినంక 1976ల వచ్చింది.

నల్లమల 1983ల పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. తెలంగాణ వచ్చినంక మా దిక్కు అడివి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది, రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైన. ఇప్పుడు ఆడ పులిని లెక్కవెట్టేది చెట్లకు కట్టిన కెమెరాలు. ఆ కెమెరాల బాటలల్ల కాపలా తిరిగేటోళ్లల్ల చెంచు పిలగాండ్లు మస్తుమంది ఉన్నరు. నేల సూసుకుంట నడుస్తరు, పాదం కనవడితె ఆగి కూసొని కొలుస్తరు. చేతుల ఉండేది కట్టె.