బెల్జియము రాజు ఆల్బర్టు

విద్యార్థులారా! ఐరోపా పటమును తెరచి ఫ్రాన్సు, జర్మనీల నడుమ వ్రేలుంచి చూడుడు. వ్రేలి క్రింద దాగిపోవునంతటి చిన్న దేశమొకటి కలదు. అదియే బెల్జియము. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో చదివిన చరిత్ర పుస్తకమున ఆ దేశపు రాజగు ఆల్బర్టునకు రెండు పంక్తులకు మించి చోటు దొరకలేదు. ఆ లోటును ఇచ్చట కొంత తీర్పదలచితిమి.

ఆల్బర్టు 1875 ఏప్రిల్ 8వ తేదీన బ్రస్సెల్సు నగరమున జన్మించెను. ఆయన రాజగునని ఎవ్వరును తలపలేదు. రాజగు పెదతండ్రి రెండవ లియోపోల్డునకు గల ఒక్క కుమారుడు బాల్యముననే మరణించెను. ఆల్బర్టు అన్నయు 1891లో గతించెను. ఇట్లు 1909లో సింహాసనము ఆయనకు దక్కెను. ఆయన తల్లి జర్మను రాజవంశపు ఆడపడుచు. భార్య ఎలిజబెత్తు జర్మనీలోని బవేరియా వంశమునకు చెందినది. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఆ దేశమున ఫ్రెంచి మాట్లాడువారును, డచ్చి మాట్లాడు ఫ్లెమిషు జనులును కలరు. ఆనాడు ప్రభుత్వ కార్యాలయములలోను, ఉన్నత విద్యలోను ఫ్రెంచికే పెద్దపీట. ఆల్బర్టు రాజ్యభారము వహించునపుడు ప్రమాణమును రెండు భాషలలోను చేసెను. అంతకు ముందటి రాజులెవ్వరును అట్లు చేయలేదు. ఇంట నొక భాష, వీథిలో మరొక భాష పలుకు మన పిల్లలకు దీని విలువ మేము వేరుగ చెప్పనక్కరలేదు.

బెల్జియమును కాపాడుచుండినది 1839 నాటి లండను సంధి. బ్రిటను, ఫ్రాన్సు, ఆస్ట్రియా, రష్యా, ప్రష్యాలు అందు సంతకములు చేసినవి. బెల్జియము ఎన్నటికిని తటస్థముగ నుండవలెను; ఆ తటస్థతకు ఈ అయిదు రాజ్యములును పూచీ. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాలు పోరినపుడు బ్రిటను ఆ యిద్దరితోను వేర్వేరుగ క్రొత్త ఒడంబడికలు చేసికొని బెల్జియమును కాపాడెను. ఇక సంధిపత్రమే కోటగోడయని పెక్కుమంది నమ్మిరి. ఆల్బర్టు నమ్మలేదు. 1913లో జర్మను చక్రవర్తి విల్హెల్ము, ఫ్రాన్సుతో యుద్ధము తప్పదని ఆయనతోనే పలికెను. ఆ సంవత్సరముననే బెల్జియము నిర్బంధ సైనికసేవను విస్తరించు శాసనము చేసియుండెను. కాని సేన సిద్ధమగుటకు వ్యవధి చాలలేదు.

1914 ఆగస్టు 2వ తేదీ సాయంకాలము జర్మనీ తుది హెచ్చరిక వచ్చెను. తమ సేనలకు దారి యిచ్చినచో నష్టమునకు సొమ్ము చెల్లించి యుద్ధానంతరము వెడలిపోదుము, అడ్డగించినచో శత్రువుగ చూతుము అని దాని సారాంశము. గడువు పండ్రెండు గంటలు. రాజు ఆ రాత్రి మంత్రులతో ఆలోచన సలిపెను. దారి యిచ్చుట ఫ్రాన్సునకు ద్రోహము, సంధికి భంగము. సరిహద్దునకు ఆవల నున్నవారు తల్లివైపు బంధువులు, భార్యవైపు బంధువులు. మరునాటి ఉదయము నిరాకరణము అందజేయబడెను. 4వ తేదీన జర్మను సేనలు చొరబడెను. ఇది అంతర్జాతీయ న్యాయమునకు విరుద్ధమని జర్మను ప్రధానామాత్యుడే ఆనాడు తమ సభలో ఒప్పుకొని, అవసరము మమ్ములను నెట్టినదని సమర్థించుకొనెను. తెలియక చేసిన తప్పు కాదన్నమాట! బ్రిటను ఆ దినముననే యుద్ధమున దిగెను.

తరువాతి కథ దుఃఖకరము. లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయము ఆగస్టు 25వ తేదీ రాత్రి దగ్ధమయ్యెను. దినాంటు పట్టణమున 674 మంది పౌరులు చంపబడిరి. అక్టోబరు నాటికి రాజునకు మిగిలినది ఈజర్ నది వెనుక సముద్రతీరపు చిన్న తునుక మాత్రమే. అపుడు న్యూపోర్టు వద్ద లాకుల తలుపులను పోటు వేళ తెరచి, ఆటు వేళ మూసి, సముద్రజలమును పొలములపైకి మరల్చిరి. తమ పంటభూమిని తామే ముంచుకొని శత్రువును నిలిపిరి! ఆల్బర్టు నాలుగేండ్లును ఆ తునుకను విడువక సేనతోనే యుండెను. రాణి అచ్చటి ఆస్పత్రిలో గాయపడినవారికి సేవ చేసెను. 1916లో బ్రిటను, ఫ్రాన్సు, రష్యాలు, బెల్జియమునకు స్వాతంత్ర్యము మరల లభించువరకు యుద్ధము విరమింపమని వాగ్దానము చేసెను. 1918 నవంబరు 22వ తేదీన రాజు గుఱ్ఱముపై బ్రస్సెల్సు ప్రవేశించెను. ఆ మరుసటి సంవత్సరము పురుషులందరికిని సమానమగు ఓటుహక్కు వచ్చెను.

ఒక మాట దాచరాదు. తన నేలపై పరుల అడుగు సహింపని యీ దేశమే ఆఫ్రికాలోని కాంగోను 1960 వరకు ఏలెను. లియోపోల్డు కాలమున అచ్చటి ప్రజలు పడిన బాధలు ఘోరములు. ఆల్బర్టు రాజు కాకమునుపే అచ్చటికి పోయి చూచివచ్చెను. తన కాలమున పాలన కొంత మెరుగుపడినను, కాంగో ప్రజలకు స్వాతంత్ర్యము మాత్రము దక్కలేదు.

ఆల్బర్టునకు కొండలెక్కుట ప్రీతి. 1934 ఫిబ్రవరి 17వ తేదీన మార్ష్-లె-దామ్ వద్ద ఒంటరిగ రాతిగుట్ట నెక్కుచు జారిపడి, 58వ యేట మరణించెను. కుమారుడు మూడవ లియోపోల్డు రాజయ్యెను. 1937లో జర్మనీ, బెల్జియము జోలికి పోమని మరల మాట యిచ్చెను. 1940 మే 10వ తేదీన మరల చొరబడెను. చందాలతో తిరిగి కట్టిన లూవెన్ గ్రంథాలయము ఆ నెలలోనే రెండవసారి కాలిపోయెను.