ఎన్రికో ఫెర్మీ

ఇటలీదేశమున రోమునగరమందు 1901లో జన్మించిన ఎన్రికో ఫెర్మీ బాల్యముననే అన్నను గోల్పోయెను. ఆ దుఃఖమున గ్రంథములే ఆయనకు శరణ్యములయ్యెను. సంతలో దొరకిన పాత లాటినుగ్రంథమును కొని, భౌతికశాస్త్రమును తనంతట తానే అభ్యసించెను.

1934 అక్టోబరులో న్యూట్రానుకణముల మార్గమున మైనపుదిమ్మె నుంచగా, వాని తాకిడికి వెండియందు పుట్టు రేడియోధార్మికత అనేకరెట్లు హెచ్చెను. ప్రయోగశాల తోటలోని నీటితొట్టియందును అట్లే జరిగెను. కారణమును ఫెర్మీ కొలదిగంటలలోనే గ్రహించెను. గోలి బండను తాకినచో వేగము తగ్గక వెనుదిరుగును. సాటిగోలిని తాకినచో తన వేగమును దానికి పంచి మందగించును. నీటిలోని హైడ్రొజనుబీజము న్యూట్రానునకు సాటిగోలి. మందగించిన న్యూట్రానును వెండిబీజము సులభముగ పట్టుకొనును.

కారణము తెలియుటతో ఆయన తృప్తినొందలేదు. అమాల్డీతోగూడి, న్యూట్రానులు వెలువడుచోటినుండి వేర్వేరు దూరముల లోహపురేకుల నుంచి, ఒక్కొక్క రేకునందు కలిగిన ధార్మికతను లెక్కించి, చేనిని గొలుసుతో కొలిచినట్లు వాని వ్యాప్తిని కొలిచెను. 1936లో ఆ లెక్కలు ప్రకటితములయ్యెను.

భార్య యూదురాలు. ఇటలీప్రభుత్వము యూదులపై శాసనములు చేయగా, 1938లో నోబెలు బహుమానము స్వీకరించి, స్వదేశమునకు మరలక అమెరికా చేరెను. 1942 డిసెంబరు 2న చికాగోలో తొలి అణురియాక్టరును నడపెను. నీరు న్యూట్రానులను కొంత మ్రింగును గాన అందు గ్రాఫైటును వాడెను. 1954 నవంబరు 28న, 53 యేండ్ల ప్రాయమున, క్యాన్సరువ్యాధిచే గతించెను.