ఖారవేల మహారాజు: నాయకత్వము పుట్టుకయా, నేర్పా?

నాయకత్వము పుట్టుకతో వచ్చునా, నేర్చుకొనిన వచ్చునా అను ప్రశ్న మన ఇండ్లలో పెట్టె తాళములు చేతులు మారు వేళ తప్పక వచ్చుచుండును. పువ్వు పుట్టగనే పరిమళించునని పెద్దలందురు. నేనును అట్లే తలచి, మాటకారి గదా అని నా పెద్దకుమారునికి 20వ యేట దుకాణము అప్పగించితిని. చిట్టా, ఆవర్జా చూచుట వానికి నేర్పలేదు. రెండేండ్లలో బాకీలు పేరుకొని, పెట్టుబడి సగమైనది. తప్పు వానిది కాదు, నాది. ఆ తరువాత కుటుంబముతో ఉదయగిరి యాత్రకు పోయి ఖారవేల మహారాజు చరిత్ర వినినప్పుడు ఈ సంగతి నాకు బాగుగ తెలిసినది. అందుచే ఆ చరిత్రను సోదరులకు మనవి చేయుచున్నాను.

ఒడిశాలో భువనేశ్వరము చెంత ఉదయగిరిపై హాథీగుంఫా అను గుహ కలదు. దాని రాతిపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో 17 పంక్తుల శాసనము చెక్కబడియున్నది. అర్హంతులకును సిద్ధులకును నమస్కరించి మొదలగు ఆ శాసనమే ఈ రాజు చరిత్రకు ముఖ్యాధారము. అక్షరములు చాలవరకు అరిగిపోయినను, భగవాన్‌లాల్ ఇంద్రజీ పండితుడు శ్రమించి చదివి, 1885లో ప్రకటించిన గ్రంథములో ఆ రాజు పేరు ఖారవేలుడని లోకమునకు తెలిపెను. అతని కాలము క్రీ.పూ. 2వ శతాబ్దమని కొందరు, 1వ శతాబ్దమని కొందరు పండితులు చెప్పుదురు.

ఖారవేలుడు కళింగమునేలిన మహామేఘవాహన వంశమువాడు. శరీరమున శుభలక్షణములు కలవాడని శాసనము చెప్పుచున్నది. పుట్టుక పక్షమున ఇది సాక్ష్యమే. కాని శాసనము అంతటితో ఊరకొనలేదు. 15 ఏండ్లు బాల్యక్రీడలలో గడచినవి. పిమ్మట వ్రాత, నాణెముల పరీక్ష, లెక్కలు, వ్యవహారము, ధర్మవిధులు నేర్చి, 9 ఏండ్లు యువరాజుగా పని చేసెను. 24 ఏండ్లు నిండిన పిదపనే పట్టాభిషేకము జరిగెను. ఈ విద్యలలో మొదటి మూడును మన దుకాణపు విద్యలే కదా! శుభలక్షణములున్న రాజకుమారునికే అంత శిక్షణ వలసినపుడు, మన పిల్లలకు అక్కరలేదనుట ఎట్లు?

నేర్చినది మొదటి యేటనే అక్కరకు వచ్చెను. గాలివానకు కళింగనగర ద్వారములు, ప్రాకారములు, ఇండ్లు పాడైయుండెను. క్రొత్తరాజు ముందు దండయాత్రకు పోలేదు. గోడలు కట్టించి, చెరువుగట్లు పోయించి, తోటలు బాగుచేయించెను. అందుకైన వ్యయము 35 లక్షలని శాసనములో చెక్కించెను. 5వ యేట, పూర్వము నందరాజు త్రవ్వించిన కాలువను నగరములోనికి తెప్పించెను. 6వ యేట నగరవాసులకును పల్లెవారికిని అనేక లక్షల పన్నులు మాఫీ చేసెను. 9వ యేట కట్టించిన మహావిజయ ప్రాసాదమునకు 38 లక్షలు పట్టెనట. ఖర్చును దాచక రాతిమీద వ్రాయించిన యజమాని అతడు.

యుద్ధములును చాల చేసెను. రెండవ యేట శాతకర్ణిని లెక్కచేయక పడమటికి సేనను పంపెను. 8వ యేట రాజగృహముపై పడెను. 11వ యేట పిథుండ నగరమును గాడిదలతో దున్నించెను. అహింసను నమ్మిన మనకు ఈ మాట బాధ కలిగించును. దానిని దాచుట ధర్మము కాదు. 12వ యేట మగధరాజును లోబరచుకొని, నందరాజు ఎత్తుకొనిపోయిన కళింగజినుని మరల కళింగమునకు తెచ్చెను. 13వ యేట కుమారీపర్వతముపై అర్హతుల సేవలో మనస్సు నిలిపెను. జీవమునకును దేహమునకును గల భేదమును అప్పుడు తెలిసికొనెనని శాసనము. ధర్మమును నేర్చుకొనుట అతనికి పట్టాభిషేకముతో ముగియలేదు. తాను జైనుడైనను అన్ని మతములవారిని పూజించెను, అన్ని దేవాలయములను బాగుచేయించెను.

ఆ వంశపు పేరు మన తెలుగునేలకును వచ్చినది. ఏలూరు జిల్లా గుంటుపల్లిలోని శాసనములో మహామేఘవాహన వంశీయుడైన సిరిసదుడను రాజు కళింగాధిపతిగ పేర్కొనబడియున్నాడు.

వంశము, తెలివి, మాటనేర్పు పుట్టుకతో రావచ్చును. కాని పదిమందిని నడుపు శక్తి నేర్చుకొనినవానికే నిలుచునని నా నమ్మకము. ఉదయగిరినుండి వచ్చిన మరునాడు పెద్దకుమారుని పిలిచి, తాళములు తిరిగి తీసికొని, వానిని మా గుమాస్తాగారి ప్రక్కన కూర్చుండబెట్టితిని. మొదట వాడు చిన్నబుచ్చుకొనెను. ఇప్పటికి నాలుగేండ్లైనది. బాకీలు చాలవరకు వసూలైనవి. వచ్చే దీపావళికి తాళములు మరల వానికే ఇయ్యదలచితిని.