మెల్లగా మాట్లాడిన సైంటిస్టు - జాన్ బార్డీన్

ఈసారి గోడపత్రికకు నేను జాన్ బార్డీన్ గారి గురించి రాస్తున్నాను. మా ఊర్లో పెద్దవాళ్లు రేడియోనే ట్రాన్సిస్టర్ అంటారు. నిజానికి ట్రాన్సిస్టర్ అంటే రేడియో లోపల ఉండే చిన్న వస్తువు. దాన్ని కనిపెట్టినవాళ్లలో ఈయన ఒకరు.

బార్డీన్ గారు 1908 మే 23న అమెరికాలోని మాడిసన్ పట్నంలో పుట్టారు. చదువులో ఎంత చురుకంటే, మూడో తరగతి నుండి ఒకేసారి ఏడో తరగతిలో వేశారు. 1920లో వాళ్లమ్మ కాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి ఆయనకు 12 ఏళ్లు కూడా నిండలేదు. ఐనా చదువు మానలేదు.

1945లో బెల్ లాబ్స్‌లో చేరారు. అక్కడ షాక్లీ అనే ఆయన ఒక ప్రయోగం చేశారు. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే, తాకకుండానే లాగుతుంది కదా! అలాగే సిలికాన్‌కి దగ్గరగా, తాకకుండా ఒక లోహపు రేకు పెట్టి వోల్టేజి ఇస్తే, ఎలక్ట్రాన్లు పైకి చేరాలి. ఎలక్ట్రాన్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ పారాలి. లెక్క బాగానే ఉంది, కాని కరెంటు పెరగలేదు.

ఎందుకు పెరగలేదో 1946లో బార్డీన్ గారు చెప్పారు. వచ్చిన ఎలక్ట్రాన్లు పైపొరలోనే చిక్కుకుపోతున్నాయి. చిక్కుకున్నవి కదలవు, కరెంటు మోయవు. పైగా లోపలివాటికి అడ్డం. క్లాసులో ముందు వరుసవాళ్లు లేచి నిలబడితే వెనకవాళ్లకి బోర్డు కనపడదు చూడండి, అట్లా అన్నమాట.

ఆ తర్వాత 1947 డిసెంబరులో ఆయనా, బ్రాటెన్ గారూ కలిసి జెర్మేనియం ముక్కతో మొదటి ట్రాన్సిస్టర్ చేశారు. అది వేరే పద్ధతిది. మొదట అనుకున్న పద్ధతిని సిలికాన్‌తో 1959లో అటల్లా, కాంగ్ అనేవాళ్లు సాధించారు. సిలికాన్‌ని వేడిచేసి ఆక్సైడు పొర పెంచితే, చిక్కుకునే చోట్లు బాగా తగ్గాయి. పొర మీద గేటు ఉంటుంది. దానికి సరిపడా వోల్టేజి ఇస్తే పొర కింద ఎలక్ట్రాన్లు చేరి సన్నని కాలువ తయారవుతుంది. కాలువకి ఒక చివర సోర్సు, ఇంకో చివర డ్రైను. డ్రైను వోల్టేజి పెంచితే కరెంటు పెరుగుతుంది. కాని డ్రైను వైపు కాలువ సన్నబడుతూ వస్తుంది. అందుకే కొంత దాటాక ఎంత పెంచినా కరెంటు దాదాపు అంతే ఉంటుంది. ఇప్పటి సెల్‌ఫోన్లలో ఇలాంటివి కోట్లకొద్దీ ఉన్నాయి.

బార్డీన్ గారికి 1956లో, 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ఫిజిక్సులో రెండుసార్లు వచ్చింది ఆయన ఒక్కరికే. 1991 జనవరి 30న చనిపోయారు.

ఆయన చాలా మెల్లగా మాట్లాడేవారట. ఇది నాకు బాగా నచ్చింది. మనలో చాలామందిమి బడికి వచ్చాకే తెలుగు నేర్చుకున్నాం. సారు అడిగితే తల దించుకుంటాం. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. ఇంటికాడ అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. కాబట్టి అర్థం కానిది ఇక్కడే అడగాలి. కరెంటు ఎందుకు పెరగలేదు అని అడగబట్టే కదా ఇంత దూరం వచ్చింది! గొంతు చిన్నదైనా పర్వాలేదు, అడగడం మాత్రం మానొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని