హాస్యనట శేఖరుడు ఎన్. ఎస్. కృష్ణన్

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు సామెత చెప్పిరి. ఒకని కుంటితనమును, మరియొకని నత్తిని చూచి నవ్వెడి నవ్వు నిజముగా చేటే. కాని నవ్వినవాడు ఇంటికి పోయిన పిదప ఆలోచనలో పడునట్లు చేయు నవ్వు కూడ కలదు. దక్షిణ భారత చలనచిత్ర రంగమున అట్టి నవ్వును ప్రజలకు పంచినవారిలో అగ్రగణ్యుడు తమిళ హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణన్.

తమిళనాడు దక్షిణపు కొసన కన్యాకుమారి జిల్లాలో నాగర్‌కోవిల్ అను పట్టణము కలదు. ఒకప్పుడది తిరువాన్కూరు సంస్థానములోనిది. ఆ పట్టణమునకు చేరిన ఒళుగినశేరిలో 1908 నవంబరు 29వ తేదీన కృష్ణన్ జన్మించెను. తండ్రి సుడలైముత్తు పిళ్ళై, తల్లి ఇసక్కి అమ్మాళ్. కుటుంబము నిరుపేదది. అందువలన బాలుని చదువు ప్రాథమిక తరగతులతోనే నిలిచిపోయెను. నాటకశాలలో తినుబండారములు అమ్ముచు, కంటబడిన ప్రతి నాటకమును చూచుచు అతడు పెరిగెను.

ఆ ప్రాంతమున విల్లుపాట అను జానపద కళ ప్రసిద్ధము. పెద్ద విల్లునకు గంటలు కట్టి, నారిని కోలలతో మీటుచు, ప్రధాన గాయకుడు కథ చెప్పుచుండగా వంతవారు ఊకొట్టుచుందురు. మన బుర్రకథ ఎరిగినవారికి దాని తీరు సులభముగా బోధపడును. కథ నడుమ హాస్యమును, హాస్యము నడుమ నీతిని ఇముడ్చు నేర్పు కృష్ణన్‌కు ఈ కళవలననే అబ్బెను.

ఆ దినములలో తమిళ దేశమున బాలురతో నడచు నాటక సమాజములు అనేకముండెడివి. వాటిలో పేరుపొందిన టి. కె. ఎస్. సోదరుల సమాజమున కృష్ణన్ చేరి హాస్య పాత్రలు ధరించెను. ఆ సమాజమువారి మేనక నాటకము 1935లో చలనచిత్రముగా వెలువడినపుడు ఆయనయు వెండితెర నెక్కెను. మరుసటి సంవత్సరమున సతీ లీలావతి చిత్రము విడుదలయ్యెను. అటు తరువాత ఆయనకు వెనుదిరిగి చూడవలసిన పని లేకపోయెను.

1936లో వసంతసేన చిత్రమున నటించుటకు పూనాకు పోయినపుడు శ్రీరంగమునకు చెందిన నటి టి. ఎ. మధురంతో పరిచయము కలిగి, అది వివాహమునకు దారితీసెను. ఆ దంపతుల హాస్యము లేని చిత్రమును కొనుటకు వ్యాపారులు వెనుకాడు కాలము వచ్చెను. కృష్ణన్ తన హాస్య ఘట్టములను తన బృందముతో తానే కూర్చుకొని నడిపించెడివాడు. ఆయన పాటలనేకము ఉడుమలై నారాయణ కవి రచించెను. మూఢ విశ్వాసములు, అస్పృశ్యత, త్రాగుడు ఆ హాస్యమునకు గురియైనవి. దెబ్బ దురాచారము మీదనే గాని మనిషి మీద పడెడిది కాదు.

1944లో దీపావళికి హరిదాస్ చిత్రము విడుదలయ్యెను. అందు నాయకుడు మహాగాయకుడు ఎం. కె. త్యాగరాజ భాగవతార్, హాస్యము కృష్ణన్ దంపతులది. ఆ చిత్రము మదరాసులో మూడు దీపావళులు చూచెను. కాని దానిలో నటించిన ఇరువురును ఆ కాలమున చెరసాలలో నుండిరి. సినిమావారి స్వంత విషయములను రచ్చకెక్కించెడి పత్రికను నడపిన లక్ష్మీకాంతన్ అనునతడు 1944 నవంబరులో మదరాసు వీధిలో కత్తిపోట్లకు గురియై మరణించెను. ఆ హత్యకు కుట్ర చేసిరన్న అభియోగముతో భాగవతార్, కృష్ణన్ నిర్బంధింపబడిరి. 1945లో వారికి యావజ్జీవ శిక్ష విధింపబడెను.

మధురం ధైర్యము కోల్పోలేదు. సహచర నటుడు ఎస్. వి. సహస్రనామం తోడ్పాటుతో నాటకములు నడిపి, వ్యాజ్యపు ఖర్చులకై పైత్తియక్కారన్ అను చిత్రమును నిర్మింప పూనుకొనెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. కేసును మరల విచారింపవలెనని ఆ కౌన్సిలు ఆదేశింపగా, మదరాసు హైకోర్టు 1947 ఏప్రిలులో ఇరువురును నిర్దోషులని విడుదల చేసెను. అప్పటికి ముప్పది నెలలు గడచిపోయెను. భాగవతార్ మరల పూర్వవైభవమును చూడలేక 1959లో కన్నుమూసెను. కృష్ణన్ మాత్రము ఎవరిమీదను కసి పెట్టుకొనక, వచ్చినవాడు వచ్చినట్లే ముఖమునకు రంగు పూసికొనెను. పైత్తియక్కారన్ చిత్రమున ఆయనకొక పాత్ర కల్పింపబడెను. జెమినీవారి చంద్రలేఖ 1948లో విడుదలయ్యెను. అందును ఆ దంపతులు నవ్వులు పూయించిరి. ప్రజలు ఆయనకు కళైవాణర్ అను బిరుదమునిచ్చి గౌరవించిరి.

1949లో వచ్చిన నల్లతంబి చిత్రమునకు రచన సి. ఎన్. అణ్ణాదురైది. అందు కృష్ణన్ చెప్పిన కిందనార్ చరిత్ర గ్రంథాలయమునకు పోవు ప్రతివాడును తెలిసికొనదగినది. అంటరానివాడని త్రోసివేయబడిన పాలేరు నందనార్, చిదంబర నటరాజుని దర్శింపగోరి పరితపించిన గాథ తమిళులకు హరికథగా సుపరిచితము. కృష్ణన్ ఆ ఫక్కినే చేకొని, కిందన్ అను అంటరాని బాలుని కథను అల్లెను. నందనార్ కోరినది దైవదర్శనము. కిందన్ కోరినది చదువు. పట్టణమునకు పోయి చదువుకొనవలెనని ఆ బాలుడు పడు తపన చూచి జనము నవ్విరి, నవ్వుచునే కన్నీరు తుడుచుకొనిరి. పలకా బలపము త్వరలోనే విడువవలసి వచ్చిన పేదబాలుడే పెద్దయై ఈ కథ చెప్పెనని తలచినపుడు దాని బరువు తెలియును.

1951లో ఆయన మణమగళ్ చిత్రమునకు దర్శకత్వము వహించి, పద్మినిని తమిళ తెరపై నాయికగా నిలిపెను. ఆ కథయే పెళ్ళికూతురు అను పేర తెలుగువారికిని అందెను. అదే యేట భారతీయ చలనచిత్ర ప్రతినిధులతో కూడి సోవియట్ దేశమును దర్శించెను.

ఆర్జించినది దాచుకొనుట ఆయన ఎరుగడు. అడిగినవానికి లేదనక ఇచ్చుటచే, లక్షలు గడించియు తుదకు ధనహీనుడయ్యెను. 1957 ఆగస్టు 30వ తేదీన, ఏబది యేండ్లు నిండకమునుపే, మదరాసు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయన తనువు చాలించెను. 1969 జనవరిలో, అప్పటి ముఖ్యమంత్రి అణ్ణాదురై రోగపీడితుడై యుండియు వచ్చి, ఆ నగరమున ఆయన విగ్రహమును ఆవిష్కరించెను. మరికొన్ని దినములకే అణ్ణాదురైయు దివంగతుడయ్యెను.

కృష్ణన్ ఆస్తి మిగుల్చలేదు. పామరుడు సైతము నవ్వుచు నేర్చుకొనవచ్చునన్న మార్గమును మాత్రము చూపి పోయెను. పదిమంది కూడి చదువుకొనుటకు, చదివినది చర్చించుకొనుటకు ఏర్పడిన ప్రతి గ్రామ గ్రంథాలయమునకును ఆయన బంధువే. కిందన్ వంటి బాలుడు ఏ ఊరనైనను పుస్తకమునకై చేయి చాచినపుడు, ఆ చేతికి పుస్తకమందించుటయే ఆయనకు తగిన స్మారకము.