వాయేజర్‌లో తెలుగు నమస్కారం.. ఆ రికార్డు పంపిన కార్ల్ సాగన్‌ను బలి తీసుకున్నది నిమోనియా!

భూమికి అత్యంత దూరంగా వెళ్లిన మానవ నిర్మిత వస్తువు వాయేజర్-1. అందులోని బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి.. వాటిలో మన తెలుగు కూడా ఒకటి! 1977లో ఆ రికార్డు తయారు చేసిన కమిటీకి పెద్ద కార్ల్ సాగన్.

1934 నవంబర్ 9న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు సాగన్. తండ్రి బట్టల పరిశ్రమలో కార్మికుడు. షికాగో యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, కార్నెల్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1980లో వచ్చిన 13 ఎపిసోడ్ల కాస్మోస్ సిరీస్‌తో ప్రపంచమంతా ఆయన పేరు మార్మోగింది.

1994 చివర్లో చేతి మీద కమిలిన మచ్చ కనిపించింది. భార్య ఆన్ డ్రూయన్ పట్టుబట్టడంతో డాక్టర్ దగ్గరికి వెళ్లారు. రక్తపరీక్షలో అసలు విషయం బయటపడింది.. మైలోడిస్‌ప్లాసియా. ఎముక మజ్జ రక్తకణాలను సరిగా తయారు చేయలేని జబ్బు ఇది. ముదిరితే బ్లడ్ క్యాన్సర్‌గా మారొచ్చు.

మిగిలిన దారి మజ్జ మార్పిడే. తోబుట్టువుల మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. సాగన్‌కు మాత్రం చెల్లెలి మజ్జ సరిపోయింది. 1995 ఏప్రిల్‌లో సియాటెల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ సెంటర్‌లో తొలి మార్పిడి జరిగింది. జబ్బు తిరగబెట్టడంతో మొత్తం మూడుసార్లు చెల్లెలే మజ్జ ఇచ్చారు.

అయితే ఈ చికిత్సలో అసలు గండం తర్వాతే ఉంటుంది. కొత్త మజ్జ ఎక్కించే ముందు బలమైన కీమో మందులతో, కొందరికి రేడియేషన్‌తో పాత మజ్జను నాశనం చేస్తారు. దాంతో రోగనిరోధక శక్తి దాదాపు సున్నాకు పడిపోతుంది. అది తిరిగి పుంజుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా పీల్చే ప్రతి శ్వాసతోనూ బ్యాక్టీరియా, వైరస్, ఫంగస్ లోపలికి వెళ్తుంటాయి. కీమో, రేడియేషన్ వల్ల ఊపిరితిత్తులు కూడా దెబ్బతినొచ్చు. ఒక్కోసారి దాత కణాలే వాటిపై దాడి చేస్తాయి. అందుకే మార్పిడి చేయించుకున్నవాళ్లు కొద్దిపాటి జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

సాగన్ విషయంలోనూ చివరి దెబ్బ ఊపిరితిత్తుల మీదే పడింది. రెండేళ్ల పోరాటం తర్వాత నిమోనియా సోకి, 1996 డిసెంబర్ 20న సియాటెల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లే. తన నవల ఆధారంగా తీసిన కాంటాక్ట్ సినిమా మరుసటి ఏడాది రిలీజైంది.. దాన్ని చూసే అవకాశం ఆయనకు దక్కలేదు. ఆయన పంపిన రికార్డు మాత్రం ఇంకా ప్రయాణిస్తూనే ఉంది.. మన తెలుగు నమస్కారంతో సహా!