పిండంలో అవయవాల పుట్టుకను చూసిన వోల్ఫ్

వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లో వోల్ఫ్ నాళం అనే పేరు తప్పక కనిపిస్తుంది. తల్లి గర్భంలో బిడ్డకు మూత్రపిండాలు, సంతానాంగాలు ఎలా ఏర్పడతాయో చెప్పే పాఠానికి అది తొలి మెట్టు. ఆ పేరు తెలిసినంతగా ఆ మనిషి జీవితం తెలియదు. అందుకే ఆయన కథను ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాం.

కాస్పర్ ఫ్రెడరిక్ వోల్ఫ్ బెర్లిన్ నగరంలో ఒక దర్జీ ఇంట జన్మించారు. బెర్లిన్‌లో, తర్వాత హాలే విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. 1759లో, పాతికేళ్ళు దాటిన వయసులో, వైద్య పట్టా కోసం జీవుల పుట్టుక గురించి ఒక గ్రంథం సమర్పించారు. ఆ చిన్న పుస్తకమే ఆయనకు కీర్తినీ కష్టాన్నీ తెచ్చిపెట్టింది.

ఆ రోజుల్లో పండితులు చాలామంది నమ్మింది వేరు. మనిషి కాళ్ళు, చేతులు, గుండె, గుర్దాలతో సహా అతి సూక్ష్మరూపంలో ముందే తయారై ఉంటాడనీ, గర్భంలో జరిగేది కేవలం పెరగడమేననీ వారి వాదం. ఈ వాదం ప్రకారం ఒక బిడ్డ లోపంతో పుడితే, ఆ లోపం కూడా మొదటి నుంచే తయారై ఉన్నదని ఒప్పుకోవాలి.

వోల్ఫ్ వాదనతో సరిపెట్టుకోలేదు. పొదుగుతున్న కోడిగుడ్లను వేర్వేరు దశల్లో తెరిచి సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. తొలి దశలో గుండె లేదు, రక్తనాళాలు లేవు. చిన్నచిన్న కణికల ముద్ద మాత్రమే ఉంది. అవయవాలు ఆ ముద్దలో నుంచి ఒకదాని తర్వాత ఒకటి రూపు దిద్దుకున్నాయి. వెన్నుకు ఇరువైపులా మూత్రపిండాలకు ముందు కనిపించే నిర్మాణాలను కూడా ఆయన వర్ణించారు. నేడు వోల్ఫ్ పేరు మోస్తున్నవి అవే.

శరీరశాస్త్రంలో ఆనాటి పెద్ద దిక్కు ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ ఈ మాటను అంగీకరించలేదు. కంటికి కనబడనంత మాత్రాన అవయవం లేదని ఎలా అంటారన్నది ఆయన ఆక్షేపణ. వోల్ఫ్ ఆ పెద్దమనిషి పట్ల గౌరవం తగ్గించుకోలేదు, తాను చూసినదాన్ని వదులుకోనూ లేదు.

అప్పట్లో ప్రష్యా యుద్ధంలో ఉంది. వోల్ఫ్ బ్రెస్లావ్‌లోని సైనిక ఆసుపత్రిలో పనిచేస్తూ శరీర నిర్మాణం బోధించారు. 1763లో యుద్ధం ముగిశాక బెర్లిన్ వచ్చి పాఠాలు చెప్పబోతే అక్కడి వైద్య కళాశాల ఆచార్యులు అడ్డుపడ్డారు. కోరుకున్న ఆచార్య పదవి దక్కలేదు. 1764లో తన సిద్ధాంతాన్ని జర్మన్ భాషలో మళ్ళీ రాశారు. చివరికి 1767లో పుట్టిన ఊరు విడిచి రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ శాస్త్ర అకాడమీకి వెళ్ళిపోయారు. 1794లో కన్నుమూసే వరకు అక్కడే ఉన్నారు.

అక్కడ ఆయన చేసిన పనుల్లో రెండింటిని చెప్పుకోవాలి. పలుచని పొరలాంటిది ముడుచుకుని గొట్టమై, పేగుగా మారే తీరును 1768, 1769లలో ప్రకటించారు. రెండోది, లోపాలతో పుట్టిన శిశువుల దేహాల పరిశీలన. పీటర్ చక్రవర్తి కాలం నుంచి ఆ నగరంలో అలాంటివి భద్రపరచి ఉన్నాయి. అవి ముందే తయారైనవి కావనీ, నిర్మాణం జరిగే దారిలో వచ్చిన తేడాలనీ వోల్ఫ్ భావించారు. ఆ రాతలు 1973లో గానీ అచ్చు కాలేదు.

పేగు గురించిన లాటిన్ గ్రంథాన్ని మెకెల్ 1812లో జర్మన్‌లోకి అనువదించాక పండితలోకం వోల్ఫ్‌ను గుర్తించింది. 1830లో యోహానెస్ ముల్లర్ మరో జత నాళాలను వివరించారు. ఈయన చెప్పులు కుట్టేవారి బిడ్డ.

ఈనాడు మనకు తెలిసింది ఇది. ప్రతి పిండంలోనూ, ఆడైనా మగైనా, మొదట రెండు జతల నాళాలూ ఉంటాయి. అయిదో వారంలో వోల్ఫ్ నాళం నుంచి ఒక మొగ్గ పుట్టి, పక్కనున్న కణజాలంతో కలిసి అసలు మూత్రపిండం కావడం మొదలవుతుంది. అంతకు ముందు వచ్చేవి తాత్కాలిక మూత్రపిండాలు. ఏడో వారం దాకా ఆడ, మగ తేడా పైకి తెలియదు. తండ్రి నుంచి వై క్రోమోజోమ్ వచ్చిన పిండంలో వృషణాలు ఏర్పడి, వాటి హార్మోన్ల వల్ల వోల్ఫ్ నాళాలు నిలిచి శుక్రవాహికలవుతాయి, ముల్లర్ నాళాలు కరిగిపోతాయి. ఆడపిండంలో ముల్లర్ నాళాలు నిలిచి అండవాహికలు, గర్భాశయం అవుతాయి, వోల్ఫ్ నాళాలు కరిగిపోతాయి.

ఈ రెండు వ్యవస్థలూ పక్కపక్కనే, ఒకదాని ఆసరాతో ఒకటి పుడతాయి. అందుకే గర్భాశయం, అంటే మన ఇళ్ళలో బచ్చేదానీ అనేది, సరిగా ఏర్పడని అమ్మాయికి వైద్యులు మూత్రపిండాలకు కూడా స్కానింగ్ చేయిస్తారు. అలాంటి వారిలో కొందరికి ఒకే మూత్రపిండం ఉంటుంది. ఆ ఒక్కటి ఆరోగ్యంగా ఉంటే చాలామంది మామూలు జీవితమే గడుపుతారు. పరీక్షలు మాత్రం మానకూడదు.

మా ఆవేదన ఒకటుంది. ఇలాంటి బిడ్డ పుడితే కోడలు గ్రహణం నాడు బయట తిరిగిందనీ, ఏదో తిన్నదనీ నిందించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ నిర్మాణంలో కీలక భాగం గర్భం తెలిసీ తెలియని వారాల్లోనే సాగుతుంది. తేడా ఎందుకు వచ్చిందో చాలా సందర్భాల్లో వైద్యులే చెప్పలేరు. అలాంటప్పుడు ఒక తల్లి మీద నేరం మోపడం ఏ న్యాయం? బిడ్డకు కావలసింది వైద్యుడు, తల్లికి కావలసింది ఓదార్పు. అవయవాలు ముందే పోతపోసి ఉండవనీ, మెట్టు మెట్టుగా ఏర్పడతాయనీ చూపించినందుకు వోల్ఫ్ పదవినీ ఊరినీ పోగొట్టుకున్నారు. ఆయన చూసి చెప్పినదాన్ని మన ఇళ్ళలో నిందలు మాన్పడానికైనా వాడుకుందాం.